మింగవలసిన మాత్రను నూరవద్దు

ఇంట్లో పెద్దలకు మాత్ర గొంతు దిగకపోతే కోడలో కూతురో దానిని కల్వంలో నూరి మజ్జిగలో కలిపి ఇవ్వడం మన ఇళ్ళలో అలవాటే. చాలా మాత్రల విషయంలో దీనివల్ల పెద్ద ముప్పు రాదు. కాని మధుమేహానికి ఇచ్చే మాత్రలలో ఒక రకం ఉన్నది. దానిని నూరితే ఒకరోజు మందంతా ఒక్కసారిగా కడుపులో పడుతుంది. దయతో చేసిన పనే అయినా బాధ పడేది ఆ పెద్దలే. అందుచేత ఈ నెల ఆ మాత్రను గురించి నాలుగు మాటలు.

దాని పేరు మెట్‌ఫార్మిన్. ఇది కొత్త మందేమీ కాదు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దీనిని మధుమేహ రోగులకు వాడి, ఫలితాలను ప్రకటించాడు. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గించడం, ఒంటిలో ఉన్న ఇన్సులిన్ చక్కగా పనిచేసేట్లు చూడడం దీని పని. సాధారణ మాత్రను రోజుకు రెండు మూడు మార్లు వేసుకోవాలి. కొందరికి దానితో వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. వారికోసం వచ్చినదే నెమ్మదిగా కరిగే రకం. అట్టమీద పేరు పక్కన ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., పి.ఆర్. అని ఏది ఉన్నా తాత్పర్యం ఒకటే.

సబ్జా గింజను నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? చుట్టూ జిగురు పట్టి ఉబ్బుతుంది. ఈ మాత్రలలో చాలావాటి కీలకం అదే. కడుపులోని తడికి ఉబ్బి, ఆ జిగురులోనుంచి మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. నూరినా, నమిలినా ఆ ఏర్పాటు చెడిపోతుంది. మందు ఒక్కమారు దిగి కడుపునొప్పి, వాంతులు తెస్తుంది; ఆపైన మర్నాటి దాకా నిలవదు. కనుక నిండు గ్లాసు నీళ్ళతో మాత్రను మాత్రగానే మింగాలి. మింగలేని వారు డాక్టరుగారితో ఆ సంగతి చెప్పితే సాధారణ రకమో, దొరికిన చోట ద్రవ రూపమో వ్రాసి ఇస్తారు.

దీనిని మామూలుగా రాత్రి భోజనంతో వేసుకోమంటారు. కడుపులో అన్నం ఉంటే మాత్ర అక్కడే కొంతసేపు నిలిచి, మందు బాగా ఒంటబడుతుంది. ఖాళీ కడుపైతే త్వరగా క్రిందికి జారిపోతుంది. మొదట 500 మిల్లీగ్రాములతో ఆరంభించి, వారానికి కొంత చొప్పున పెంచడం వాడుక. రోజుకు 2000 మించరాదు. పెంచడం, తగ్గించడం డాక్టరుగారి పని, మనది కాదు. ఒక పూట మరచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.

ఒక్కొక్కప్పుడు మాత్ర ఆకారం మలంలో అట్లాగే కనిపిస్తుంది. మందు పట్టలేదని గాభరా పడి మరొకటి వేసుకోవద్దు. అది ఉత్త డొల్ల. మందు అప్పటికే ఒంటికి చేరింది.

ఈ మందు ఒక్కటే వాడేవారికి చక్కెర మరీ పడిపోవడం అరుదు. కాని మన ఊళ్ళలో దీనితో గ్లిమిపిరైడ్ కలిపిన జోడు మాత్రలు ఎక్కువ. అవి వేసుకొని ఏకాదశి అంటూ పస్తుంటే చెమట, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించాలి. తెలివి తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఉపవాసం చేయదలచిన వారు ముందుగానే డాక్టరుగారిని అడగడం మంచిది. దేవుడు కోపగించడు!

వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం పట్టి తిండి, నీరు నిలవనప్పుడు ఈ మాత్రను ఆపాలా అని ఆ రోజే అడగండి. ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాలు మందగిస్తే మందు నిలవవుండి రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉన్నది. అది అరుదే గాని ప్రాణాంతకం. ఆయాసం, మితిమీరిన నీరసం, కండరాల నొప్పి కనబడితే ఆలస్యం చేయరాదు. మద్యం అలవాటు ఉన్నవారికి ఈ భయం మరీ ఎక్కువ. మూత్రపిండాల పరీక్షలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే అంకె 30కి దిగితే ఈ మందు పనికిరాదు. 45కి తగ్గినప్పుడే మోతాదు తగ్గించడం ఉంటుంది. రంగుమందు ఎక్కించి స్కాను తీయబోతే ఈ మాత్ర వాడుతున్నామని ముందుగా చెప్పాలి.

ఏళ్ళ తరబడి వాడితే బి 12 విటమిన్ తగ్గవచ్చు. శాకాహారులు మరింత జాగ్రత్తపడాలి. అరికాళ్ళ తిమ్మిరి అంతా చక్కెర మూలంగానే అనుకోక, ఒకమారు ఆ రక్తపరీక్ష చేయించండి.

చివరగా ఒక మాట. మనవంటి కుటుంబాలలో డాక్టరుగారు తమిళంలోనో కన్నడంలోనో చెబుతారు, అట్టమీద ఇంగ్లీషు, వేసుకోవలసిన అవ్వకు తెలుగు. ఆ మూడింటి మధ్య ఒక్క మాట జారినా చేటే. ఇంట్లో చదువుకున్న పిల్లవాడెవడైనా ఒక కాగితంమీద, “రాత్రి అన్నంతో. నూరవద్దు, నమలవద్దు. మరచితే రెండు వద్దు. వాంతులైతే డాక్టరును అడుగు” అని పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి మందుల డబ్బా మూతకు అంటించాలి. ఐదు నిమిషాల పని. అవ్వ కళ్ళజోడు పెట్టుకొని తానే చదువుకుంటుంది.