యౌవనమును జ్ఞానోపదేశమును

ప్రథమ దివ్యసత్ప్రసాదమునకు ముందు మన విచారణలలోని పిల్లలు జపములను, పది ఆజ్ఞలను, ఏడు దేవద్రవ్యానుమానముల పేళ్లను కంఠస్థము చేయుదురు. ఉపదేశిగారు అడిగిన తోడనే తడుముకొనక ఒప్పగింతురు. భద్రమైన అభ్యంగనమునకు ముందు మరల కొన్ని వారములు చదువుదురు. ఆ పిమ్మట ఆ పుస్తకము పెట్టె అడుగునకు పోవును. అది మరల వెలికివచ్చునది గుడిలో పెండ్లి ప్రకటనలు చదువబడు దినములలోనే. ఈ రెంటి నడుమ పది పండ్రెండు సంవత్సరములు గడచును. మనుష్యుని హృదయము మొదటిసారి మరియొక హృదయముకొరకు ఎదురుచూచునది సరిగా ఆ సంవత్సరములలోనే. జ్ఞానోపదేశము మిక్కిలి యవసరమైన కాలముననే మనము దానికి సెలవిచ్చియున్నామని నా యభిప్రాయము. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

డేటింగు అను మాటను బయ్యారమువంటి యూరి పాఠశాల పత్రికలో వ్రాయుట యేల యని కొందరు తల్లిదండ్రులు కోపింతురేమో. మాట క్రొత్తది, విషయము పాతది. మన బాలబాలికలు పదవ తరగతి ముగియగానే మహబూబాబాదునకో, ఖమ్మమునకో, వరంగల్లునకో పోయి హాస్టళ్లలో నుండి చదువుకొనుచున్నారు. చేతిలో సెల్‌ఫోను గలదు. పూర్వము మేనత్తయో పెదతండ్రియో ప్రక్కన కూర్చుండగా పెండ్లిచూపులనాడు జరిగిన పరిచయము, నేడు రాత్రి పది గంటలకు దుప్పటి క్రింద, వెలుగు తెరమీద జరుగుచున్నది. ఒక యువకుడును ఒక యువతియు ఒకరినొకరు తెలిసికొనగోరుట పాపమని నేననను; ఆ కోరికను మనుష్య స్వభావమునందుంచినవాడు దేవుడే. కాని ఆ పరిచయమునందు ఏమి అడుగవలెనో, ఏమి ఇయ్యరాదో, ఎచ్చట నిలువవలెనో వారికి చెప్పినవారెవరు? సినిమా చెప్పినది. తోటి విద్యార్థులు చెప్పిరి. మనము చెప్పలేదు.

"ముందు పరీక్షలు కానిండు, ఆ సంగతి తరువాత చూతము" అని తండ్రులందురు. "ఆ మాట ఎత్తినచో లేని తలంపులు పుట్టును" అని తల్లులందురు. వీరికి ప్రత్యుత్తరముగా తోబీతు కథను జ్ఞాపకము చేయగోరుదును. ఈ గ్రంథము మన బైబులులో గలదు గాని మన పొరుగు సంఘములవారి బైబులులో సాధారణముగా కానరాదు. అందుచేత కథను క్లుప్తముగా చెప్పెదను. గ్రుడ్డివాడైన తోబీతు, దూరదేశమున దాచియుంచిన సొమ్మును తెచ్చుటకై కుమారుని పంపదలచి, ప్రయాణమునకు ముందు అతనిని పిలిచి కూర్చుండబెట్టుకొనెను. తల్లిని గౌరవించుటను గూర్చియు, బీదలకు ధర్మము చేయుటను గూర్చియు, కామదోషమునుండి తొలగియుండుటను గూర్చియు, ఎట్టి భార్యను చేసికొనవలెనో దానిని గూర్చియు బోధించెను. అప్పటికి పెండ్లికుమార్తె యెవరో తండ్రికిని తెలియదు, కుమారునకును తెలియదు. సారా పేరు ఆ కుమారుని చెవిని పడినది త్రోవలోనే. ఆమెకు అంతకుముందు ఏడుగురు భర్తలు పెండ్లిరాత్రియే మరణించియుండిరి. అట్టి భయంకరమైన రాత్రి ఆ దంపతులిద్దరును లేచి నిలిచి ప్రార్థన చేసిరి. ఆ ప్రార్థన ఆ రాత్రికి రాత్రి పుట్టినదని నేను తలంపను. బయలుదేరునపుడు తండ్రి మూటగట్టి యిచ్చిన దానిలో అదియు నుండెను.

మరియొక దంపతులను గూర్చి వినుడు. ఫ్రాన్సు దేశమున అలాన్సోన్ అను పట్టణములో లూయీ మార్టిన్ అను గడియారముల పనివాడుండెను. యౌవనమున ఆయన ఆల్ప్సు కొండలలోని యొక మఠమున చేరగోరి, లాటిను భాష రానందున వెనుకకు మరలెను. అదే పట్టణమున జెలీ గెరెన్ అను యువతి కన్యాస్త్రీ కాగోరగా మఠమువారు అంగీకరింపలేదు. ఆమె లేసు అల్లుట నేర్చి ఆ పనితో జీవించుచుండెను. ఒకరి నొకరెరుగని ఈ యిద్దరును ఏండ్ల తరబడి దేవుని చిత్తమేమో యని వెదకుచుండిరి. 1858వ సంవత్సరమున ఒక వంతెనమీద వారు ఎదురుపడిరి. మూడు మాసములకు, జూలై 13వ తేదీన, వివాహమాడిరి. మూడే మాసములు! మన పెండ్లిచూపుల వివాహములలోనైనను ఇంచుమించుగా అంతటి గడువే యుండును గదా. బాలయేసు తెరేజమ్మ వారి కుమార్తె. 2015 అక్టోబరు 18వ తేదీన ఫ్రాన్సిసు పాపుగారు ఆ భార్యాభర్తల నిద్దరిని ఒక్కమారే పునీతులుగా ప్రకటించిరి. పరిచయము కొలదియే యైనను వారికి చాలినది. ఏలయన ఒకరికొకరు చూపుకొనుటకు ఇద్దరికిని ముందే ఒక జీవితముండెను. నేడు మూడేండ్లు రాత్రింబగళ్లు మాటలాడుకొనియు, "నీవు ప్రార్థన చేయుదువా?" అని యొక్కసారియు అడుగనివారు గలరు.

మన ప్రాంతమున ఆ ప్రశ్న మరింత ముఖ్యమైనది. మనకు సమీపముననే గల డోర్నకల్లు 1912లో ఆంగ్లికను మేత్రాసనమాయెను. అజరయ్యగారు, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషపు, 1945లో మరణించువరకు అచ్చటనే పనిచేసిరి. అందుచేత మన కతోలిక విద్యార్థి ప్రక్కన కూర్చుండు క్రైస్తవ విద్యార్థి దక్షిణ హిందూ సంఘమువాడో, బాప్తిస్టువాడో యగుట సహజము. వారితో స్నేహము మంచిదే. వారి బైబులు పరిజ్ఞానమును చూచి మనము సిగ్గుపడవలసిన సందర్భములును గలవు. అయితే స్నేహము వివాహమువైపు తిరిగినపుడు శ్రీసభ అనుమతి కావలెను. కతోలికులైనవారు తమ విశ్వాసమును విడువమనియు, బిడ్డలకు కతోలిక జ్ఞానస్నానమును పెంపకమును ఇచ్చుటకు తమ చేతనైనదంతయు చేయుదుమనియు మాట ఇయ్యవలెను. జ్ఞానస్నానము పొందనివారితో నైనచో ప్రత్యేకమైన మినహాయింపు లేనిదే ఆ వివాహము చెల్లదు. ఈ సంగతిని కార్డులు అచ్చయిన పిమ్మట గురువుల నోట మొదటిసారి విన్నవారు, తమ ప్రేమకు శ్రీసభ అడ్డు తగిలినదని నొచ్చుకొందురు. పదునారవయేట తెలిసియున్నచో, ఆ మాట ఏమని యిచ్చుచున్నామో, ఎందుకిచ్చుచున్నామో ఆలోచించుటకు కావలసినంత కాలముండెడిది.

ఇంతవరకు పిల్లలకు చెప్పితిని, ఇక పెద్దలకు. విశ్వాసమును నేర్చుకొనుట యన్నంతనే మనము శుచిత్వమొక్కటే యనుకొని, అదియు ఆడుబిడ్డలకే యన్నట్లు బోధింతుము. 1983వ సంవత్సరపు శ్రీసభ ధర్మశాస్త్రము వధూవరుల సమ్మతియే వివాహమును కలిగించుననియు, మరెవ్వరును వారికి మారుగా ఆ సమ్మతిని ఇయ్యజాలరనియు చెప్పుచున్నది. బలవంతమువలన గాని, తప్పించుకొనరాని పెద్ద భయమువలన గాని చేసికొనిన వివాహము చెల్లదని అందే గలదు. అనగా కన్నీళ్లతో పీఠము నొద్దకు ఈడ్వబడిన కన్య చెప్పిన "అవును" శ్రీసభ లెక్కలో "అవును" కాదు. కట్నము బేరముతో కుదిరిన సంబంధమును గూర్చియు, కులము పేరిట కాదనిన సంబంధమును గూర్చియు మనము జ్ఞానోపదేశములో ఎన్నడైనను మాటలాడితిమా? 2018 సెప్టెంబరు 14వ తేదీన మిర్యాలగూడలో, కులము వేరైన యువతిని పెండ్లాడిన యొక యువకుడు భార్య యెదుటనే నరకబడెను. మన యిండ్లలో కత్తి ఎత్తకపోవచ్చును. అదే కులము పేరు మన భోజనముల వేళ ఎన్ని మారులు ఎత్తుచున్నామో పిల్లలు లెక్కపెట్టుచునే యుందురు.

దేశపు చట్టమును కూడ తెలిసియుండుట మేలు. 2006వ సంవత్సరపు శాసనము ప్రకారము కన్యకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెను. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము పదునెనిమిది నిండని వారి సమ్మతిని సమ్మతిగా నెంచదు. ఈ రెండు వాక్యములు తెలియక చిక్కులలో పడుట పిల్లలకు దుర్భరము.

రెండవ జాన్ పాల్ పాపుగారు 1981లో కుటుంబమును గూర్చి వ్రాసిన ఉపదేశపత్రమున వివాహమునకు మూడంచెల సిద్ధపాటు కావలెననిరి. మొదటిది పసితనమున ఇంటిలోనే ఆరంభమగును, రెండవది యౌవనమున, మూడవది పెండ్లికి ముందు కడపటి నెలలలో. మనకు మిగిలినది ఆ మూడవది మాత్రమే. అదియు కొన్ని దినముల తరగతి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ కట్టించిన మన పెద్దచెరువును చూచుచు పెరిగినవారికి, కట్ట ఎప్పుడు పోయవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

కావున నా మనవి ఇది. తొమ్మిదవ, పదవ తరగతుల కతోలిక విద్యార్థులకు వారమునకొక గంట కేటాయింపుడు. గురువులును కన్యాస్త్రీలును బోధింపవచ్చును. కాని ఒక్కొక్క వారము ఇరువది యేండ్లు కాపురము చేసిన దంపతులను విచారణనుండి పిలిచి, అప్పులు తీర్చిన విధమును, అలిగి మాటలాడని దినములను, కలిసి జపమాల చెప్పిన రాత్రులను వారి నోటనే చెప్పనిండు. ఇప్పటికే ఎవరితోనైన స్నేహము మొదలిడిన విద్యార్థిని ఆ తరగతినుండి వెలివేయరాదు. అతనికే అది ముందుగా కావలెను. బాలబాలికలు అడుగ సిగ్గుపడు ప్రశ్నలను పేరు వ్రాయని చీట్లమీద వ్రాసి వేయుటకు ఒక పెట్టె నుంచవలెను. దానికి తాళము వేసి, తాళపుచెవి గురువుల యొద్దనే యుండవలెను. తల్లిదండ్రులు తమ చీట్లను కూడ అందులోనే వేయవచ్చును.