నెమ్మదించిన ప్రింటర్ ముసలిది కాదు

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ నెమ్మదించిందని చెప్పగానే ఎదుటివాళ్ళ నోట వచ్చే మాట ఒక్కటే: "పాతదైపోయింది, మార్చేయండి." షాపులో అడిగినా, ఆఫీసులో అడిగినా, ఇంజినీరింగ్ చదివే మేనల్లుణ్ణి అడిగినా ఇదే తీర్పు. కాస్త తెలిసినవాళ్ళు ఇంకో మాట కలుపుతారు: "ఇంక్‌జెట్లు ఇంతే, లేజర్ తీసుకోండి." ఈ రెండు మాటలూ తప్పు. మధ్యతరగతి ఇంటి మీద పదివేల పైచిలుకు ఖర్చు పడేసే తప్పు కాబట్టి, మర్యాదకు ఊరుకోకుండా గట్టిగానే చెప్పాలి.

ఇంక్‌జెట్‌కు వయసు మీదపడితే అచ్చులో తెల్లగీతలు పడతాయి, రంగులు తేడా కొడతాయి. రోలర్లు అరిగి కాగితం జారుతుంది, లేదా రెండేసి లాగుతుంది. అవీ ముసలితనపు గుర్తులు. ప్రింట్ హెడ్ కాగితం మీద అటూ ఇటూ తిరుగుతూ సన్నని రంధ్రాల్లోంచి ఇంకు చుక్కలు విదిలిస్తుంది. ఒక పట్టీ పూర్తయ్యాక కాగితం కొంచెం ముందుకు జరుగుతుంది. హెచ్‌పీ, కానన్ ఇంటి ప్రింటర్లలో ఇంకును వేడిచేసి, పుట్టిన బుడగతో చుక్కను నెడతారు. ఎప్సన్‌లో విద్యుత్తు తగలగానే వంగే పీజో పలక ఆ పని చేస్తుంది. పద్ధతి ఏదైనా, రంధ్రం మూసుకుపోతే అక్కడ ఇంకు పడదు, అంతే. దానివల్ల హెడ్ నడక మందగించదు. పేజీకి హెడ్ ఎన్నిసార్లు తిరగాలో, కాగితం ఒక్కోసారి ఎంత జరగాలో నిర్ణయించేది మనం ఇచ్చిన సెట్టింగులు. వెతకాల్సింది అక్కడ.

పిల్లల ప్రాజెక్టు కోసం ఎప్పుడో పేపర్ టైప్ దగ్గర ఫొటో పేపర్ అనీ, క్వాలిటీ దగ్గర హై అనీ పెడతాం. ఆ సెట్టింగు డిఫాల్టుగా ఉండిపోతుంది. ఆ తర్వాత మామూలు కాగితం మీద కరెంటు బిల్లు తీసినా, ప్రింటర్ దాన్ని ఫొటోలాగే చూస్తుంది. ఒకే పట్టీ మీద హెడ్ పలుమార్లు తిరుగుతుంది, కాగితం వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది. దీనికి తోడు క్వయట్ మోడ్ ఒకటి. రాత్రిపూట చప్పుడు వద్దని ఎవరో ఒకరు ఆన్ చేస్తారు, మళ్ళీ ఎవరూ ఆపరు. చప్పుడు తగ్గేదే వేగం తగ్గించడం వల్ల. ఇక బైడైరెక్షనల్ లేదా హైస్పీడ్ అనే గడిలో టిక్ పోయిందంటే హెడ్ వెళ్ళేటప్పుడు మాత్రమే అచ్చువేసి, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది. పని దాదాపు రెట్టింపు సేపు పడుతుంది. ఈ మూడూ ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో చూసుకునేవి, పైసా ఖర్చు లేనివి. మార్చేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఆ కిటికీ ఒక్కసారైనా తెరిచి చూడమని ఎందుకు చెప్పరు?

"కొన్నప్పుడు నిమిషానికి 33 పేజీలన్నారు, ఇప్పుడు పది కూడా రావట్లేదు" అని బాధపడేవాళ్ళున్నారు. వాళ్ళ ప్రింటర్‌లో లోపం లేదు. మన ఇళ్ళలో చాలాచోట్ల కనిపించే ఎప్సన్ ఎల్3110నే చూడండి. ఆ 33 డ్రాఫ్ట్ మోడ్ లెక్క, అంటే అక్షరాలు పలచగా పడే మోడ్‌లో. ఐఎస్‌ఓ 24734 ప్రమాణం ప్రకారం మామూలు మోడ్‌లో కొలిస్తే నలుపులో నిమిషానికి 10, రంగుల్లో 5. ఆ ప్రమాణం 2009 నుంచీ ఉంది. పెద్ద అంకెను పెద్ద అక్షరాల్లో వేసి, నిజమైన అంకెను మూలకు నెట్టే అలవాటును కంపెనీలన్నీ మానుకోవాలి. కొన్న మొదటి రోజునే ప్రింటర్ మీద అపనమ్మకం నాటేది ఆ అంకెల తేడానే.

సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నా నెమ్మదిగానే వస్తుంటే కంప్యూటర్‌ని పక్కన పెట్టండి. స్కానర్ ఉన్న ప్రింటరైతే గాజు మీద ఓ కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ ఎప్పటిలాగే వస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే. జాప్యం ఫైల్లోనో, డ్రైవర్‌లోనో, వైఫైలోనో ఉంది. ఏ4 పేజీని 600 డీపీఐలో బొమ్మగా మారిస్తే సుమారు మూడున్నర కోట్ల చుక్కలవుతాయి. కుదించకపోతే వంద ఎంబీ దాటుతుంది. స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌బుక్ పీడీఎఫ్‌ను హాల్లోని రౌటర్ నుంచి రెండు గోడల అవతలి గదిలోని ప్రింటర్‌కు వైఫైలో పంపితే, పేజీకీ పేజీకీ మధ్య హెడ్ ఆగి ఎదురుచూడక ఏం చేస్తుంది? అదే ఫైల్ యూఎస్‌బీ కేబుల్ పెట్టి పంపి చూడండి. తేడా కనబడితే రౌటర్ దగ్గరకు జరపాల్సింది ప్రింటర్‌నే. ఇంకా తేడా రాకపోతే క్యూలో ఇరుక్కుపోయిన పాత జాబులు తీసేసి, విండోస్ తనంతట తాను పెట్టుకున్న డ్రైవర్ బదులు కంపెనీ డ్రైవర్ వేయండి.

పరీక్షల రోజుల్లో ఇంకో ఫిర్యాదు వస్తుంది: మొదటి నలభై పేజీలు చకచకా వచ్చి, తర్వాత ఈడుస్తోందని. అది అలసట కాదు, జాగ్రత్త. ఆగకుండా చాలాసేపు నడిస్తే లోపలి భాగాలు వేడెక్కకుండా ప్రింటర్ తనే వేగం తగ్గించుకుంటుంది. ఎప్సన్ మాన్యువళ్ళు కనీసం 30 నిమిషాలు ఊరికే వదిలేయమంటాయి, అదీ పవర్ ఆన్‌లోనే. ఆఫ్ చేస్తే వేగం తిరిగి రాదని కూడా అక్కడే రాసి ఉంటుంది. మనం చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం: నెమ్మదించగానే స్విచ్ తీసేస్తాం.

ఆ గోడ స్విచ్ అలవాటే అసలు శత్రువు. ప్రింటర్‌ను దాని సొంత బటన్‌తో ఆపితే హెడ్ పక్కకు వెళ్ళి మూత కింద కూర్చుంటుంది, ఇంకు ఆరిపోదు. పని మధ్యలో గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఎక్కడున్న హెడ్ అక్కడే తెరుచుకుని ఉండిపోతుంది. తిరిగి ఆన్ చేశాక ప్రింటర్ ముందు తనను తాను శుభ్రం చేసుకుని ఆ తర్వాతే పేజీ మొదలుపెడుతుంది. దాన్ని చూసి స్లో అంటున్నాం. పైగా "హెడ్ క్లీనింగ్ నాలుగైదుసార్లు కొట్టండి" అనే సలహా ఒకటి! క్లీనింగ్‌తో గీతలు పోవచ్చుగానీ వేగం రాదు. కొట్టిన ప్రతిసారీ మంచి ఇంకు వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. ఆ ప్యాడ్ నిండిందని లెక్క తేలిన రోజున ప్రింటర్ పనే ఆపేస్తుంది. వేగం కోసం క్లీనింగ్ చేయించేవాళ్ళు బాగున్న యంత్రాన్ని చేజేతులా చంపుతున్నారు.

లేజర్ సంగతి. రోజుకు వందల పేజీలు తీసే ఆఫీసుకు, జిరాక్స్ షాపుకు అది సరైనదే. వారానికి నాలుగు పేజీలు, నెలకో ఫొటో తీసే ఇంటికి కాదు. టోనర్‌ను కాగితానికి కరిగించి అంటించే ఫ్యూజర్ సుమారు 200 డిగ్రీలకు వేడెక్కాలి. ఆ క్షణంలో లాగే కరెంటుకు ఇంటి ఇన్వర్టర్ తట్టుకోలేకపోవచ్చు. ఇంక్‌జెట్ పదీ ఇరవై వాట్లతో పని కానిస్తుంది. రంగుల లేజర్ ధర, నాలుగు టోనర్ల ధర చెప్పకుండా లేజర్ తీసుకోమనడం సగం సలహా. ఇక మార్చేసిన పాత ప్రింటర్ ఎక్కడికి పోతుంది? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. అయినా పాత ఇనుము బండి వాడికే ఇచ్చేస్తున్నాం.

కాపీ కూడా నెమ్మదిగానే వస్తూ, హెడ్ నడిచే దారిలో తట్టుకుంటున్న శబ్దం వినబడితే మెకానిక్‌కు చూపించండి. షాపుకు మోసుకెళ్ళినప్పుడు "స్లో అయింది" అని మాత్రం చెప్పకండి. కాపీ ఎలా వచ్చింది, ఏ మోడ్‌లో తీశారు, కేబుల్‌తో తీసినప్పుడు ఏమైంది, ఇవి చెప్పండి. అవేవీ వినకుండానే కొత్త మోడల్ చూపించేవాడి దగ్గర ప్రింటర్‌ను దించనే వద్దు.