యంత్రానికి ప్రూఫ్ చూసేదెవరు?

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా'. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపే యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో చాలామంది దాన్ని 'తెలుగు బగ్' అన్నారు. ఆ పేరు మాకు ఇప్పటికీ మింగుడుపడదు. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ వరుసను తెరమీద పేర్చవలసిన కోడ్ తడబడింది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని వరుసల దగ్గరా అలాగే తడబడింది. అక్షరం చేసిన తప్పేముంది ఇందులో? ఆ కనిపించని గుర్తు కూడా వింత వస్తువేమీ కాదు. ఈ సంపాదకీయంలో 'సాఫ్ట్‌వేర్' అని రాసిన ప్రతిచోటా అది ఉంది. లేకపోతే ట ఒత్తుతో పాటు వ కూడా ఒత్తుగా మారి ఫకారం కింద వచ్చి కూర్చుంటుంది. మనం రోజూ వాడే గుర్తే అయినా, విడుదలకు ముందు ఏ పరీక్షా ఆ తప్పును పట్టుకోలేదు.

పత్రిక నడిపేవాళ్ళకు ప్రూఫు కష్టాలు తెలుసు. దిద్దిన పంక్తి పక్కనే కొత్త తప్పు దొర్లుతుంది. అందుకే మూడో ప్రూఫు కూడా మొదటి అక్షరం నుంచీ చదవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌దీ ఇదే కథ. ఒకచోట చేసిన మార్పు ఎక్కడో సంబంధం లేని చోట బయటపడుతుంది. రోజూ మారే కోడ్‌ను రోజూ మొదటినుంచీ చదవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

ఆ పనికోసం ఓపెన్‌సుసే అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ బృందం తయారుచేసుకున్న ఓపెన్ సోర్స్ పరీక్షా వ్యవస్థ ఓపెన్‌క్యూఏ. దాని పనితీరు చూస్తే మాకు పాతకాలపు ప్రూఫ్ రీడరే గుర్తొస్తాడు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టించి, అందులో కొత్త సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేస్తుంది. మనిషిలాగే కీలు నొక్కుతుంది, మౌస్ కదుపుతుంది. ప్రతి అడుగులోనూ తెర బొమ్మను తన దగ్గరున్న నమూనా బొమ్మతో పోల్చుతుంది. ఆ నమూనాకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'సూది'. గడ్డివాములో వెతికే సూదే. బొమ్మలో ఏ భాగం సరిపోలాలో, ఏ భాగాన్ని వదిలేయాలో పక్కనే ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. మూలనున్న గడియారం నిమిషనిమిషానికీ మారుతుంది కదా, దాన్ని వదిలేయమని చెప్పవచ్చు. టంబుల్‌వీడ్ అనే వాళ్ళ సిస్టమ్‌లో ఏ కొత్త కూర్పూ ఈ పరీక్షలు దాటకుండా జనంలోకి రాదు. ఫలితాలు, తెర బొమ్మలు అన్నీ బహిరంగమే, ఎవరైనా చూడవచ్చు.

ఇక్కడే మాకొక భయం. యంత్రానికి తెలుగు రాదు. ఎవరో ఒక మనిషి 'ఈ బొమ్మ సరైనదే' అని ఒప్పుకుంటేనే అది సూది అవుతుంది. ఒప్పుకున్న మనిషికి మన లిపి చదవడం రాకపోతే? ఒత్తు విడిపోయి పక్కకు జారిన బొమ్మే ప్రమాణమైపోతుంది. ఆ తర్వాత సరిగ్గా అమరిన అక్షరాన్నే యంత్రం తప్పుగా లెక్కగడుతుంది. ఈ ప్రమాదం ఏ ఇంజనీరు నైపుణ్యంతోనూ తొలగేది కాదు. తెలుగు చదివే కన్ను అక్కడ ఉండి తీరాలి.

ఫెడోరా అనే మరో లినక్స్ బృందం కూడా ఓపెన్‌క్యూఏనే వాడుతోంది. ఫ్రెంచి, రష్యన్, జపనీస్, అరబిక్ భాషల్లో ఇన్‌స్టాల్ చేసి చూసే పరీక్షలు అక్కడ ఉన్నాయి. ఆ వరుసలో తెలుగు చేరాలన్నది మా కోరిక. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. దాని పరీక్షల్లో తెలుగు అక్షరాల వరుసలు ఇప్పటికే ఉన్నాయి. ఎవరో శ్రద్ధగా చేర్చారు కాబట్టే ఉన్నాయి. ఆ శ్రద్ధకు నమస్కారం.

అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సుల బోర్డులు చూడని తెలుగువాడు అరుదు. అక్కడ నేర్చుకుని దేశదేశాల కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్న వాళ్ళలో ఈ పత్రిక పాఠకులూ ఉన్నారు. వాళ్ళకే మా విన్నపం. నెలకొక ఆదివారం మన లిపికివ్వండి. ఏదైనా లినక్స్‌ను తెలుగులో ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఒత్తు జారిన తెరను, సరైన రూపాన్ని పక్కపక్కన పెట్టి ఆ ప్రాజెక్టుకు బగ్‌గా పంపండి. అది సరిదిద్దాక పరీక్షల్లో చేర్చమని కూడా అడగండి.