నాలుగో మూల

ఊళ్లో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు నాన్న అడిగి తెచ్చుకున్నది ఒక్కటే, వీధి గుమ్మం టేకు తలుపు. చెదలు తిన్నది పోగా మిగిలిన చెక్కతో సరిగ్గా నాలుగు బద్దలొచ్చాయి. నాయనమ్మ సంవత్సరీకానికి ఫొటో ఫ్రేము షాపులో కట్టిద్దామంటే, "వద్దు నాన్నా, ఆ చెక్కతో నేనే చేస్తా" అనేశా. ఆయన ఏమీ అనకుండా బద్దలు నా చేతిలో పెట్టారు. నాలుగే. స్పేర్ లేదు.

అద్దం కూర్చోవడానికి గాడి మెషీన్ మీద తీయించా. ఇక మిగిలింది నాలుగు ముక్కలకీ రెండు చివర్లా 45 డిగ్రీల కోత. అంతే కదా! ఫోన్లో కోణం చూపించే యాప్ ఒకటి, హార్డ్‌వేర్ షాపులో కొన్న ప్లాస్టిక్ మైటర్ బాక్స్ ఒకటి. కోసేశా. మూడు మూలలు ముద్దుగా కలిశాయి. నాలుగో మూలలో అయిదారు ఏటీఎం కార్డులు దూరేంత సందు!

లెక్క వేస్తే అర్థమైంది. కోతలు మొత్తం ఎనిమిది. ఒక్కోదాంట్లో అర డిగ్రీ తేడా ఉంటే కంటికి కనిపించదు. కానీ ఎనిమిదీ కలిస్తే 4 డిగ్రీలు. ఆ తప్పంతా వచ్చి చివరి మూలలో కూర్చుంటుంది. రెండంగుళాల వెడల్పు బద్దకి దాదాపు 5 మిల్లీమీటర్ల సందన్నమాట. బాక్సులో రంపం దూరే గాడి వదులుగా ఉంటే ఆ అర డిగ్రీ ఎంతసేపు?

ఆ సందులో రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి కూరేద్దామనుకున్నా. కానీ నాన్న కళ్లు గుర్తొచ్చాయి. వీధి చివర వడ్రంగి బాబాయ్ దగ్గరికి పరిగెత్తా.

"ఎంతకి కోశావు అబ్బాయ్?"

"నలభై అయిదుకి బాబాయ్."

"నలభై అయిదు ఎవడిక్కావాలిరా? నీకు కావాల్సింది తొంభై."

ఆయన టేబుల్ మీద చదునైన ప్లైవుడ్ ముక్క వేశాడు. దాని మీద పక్కా తొంభై మూల ఉన్న చెక్కని, మొన ప్లైవుడ్ అంచు వైపు తిరిగేలా బిగించాడు. మూలలో కలిసే రెండు బద్దల్లో ఒకదాన్ని మొనకి ఎడమ పక్కన, రెండోదాన్ని కుడి పక్కన ఆనించాడు. చిత్రికని పక్కకి పడుకోబెట్టి, అంచు వెంట తోస్తూ ఒక్కోదాని కోతనీ పల్చగా చెక్కేశాడు. బిగించడంలో తేడా వచ్చి ఎడమ పక్క 44.5 అయినా, కుడి పక్క దానంతటదే 45.5 అవుతుంది. రెండూ కలిస్తే తొంభై. మూల మూసుకుంటుంది!

మరి ఆ తొంభై కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది? మూలమట్టాన్ని కాగితం అంచుకి ఆనించి గీత గీయండి. తిరగేసి అక్కడే మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే ఓకే.

చిత్రిక లేకపోతే తిన్నని చెక్కకి ఉప్పు కాగితం అంటించి రుద్దినా పనవుతుంది. ఎలాగైనా ముక్క కాస్త తగ్గుతుంది కాబట్టి, గుర్తుకన్నా రెండు మిల్లీమీటర్లు వదిలి కోయాలి. భయంతో పొడుగ్గా కోయడమే నన్ను కాపాడింది. ఎదురెదురు ముక్కలు జతగా పట్టుకుని చివర్లు తడిమి చూడండి. కోణం ఎంత బాగున్నా, పొడవు తేడా వస్తే మళ్లీ సందే.

ఇంకో మాట. కోసిన చివర జిగురుని తాగేస్తుంది. పల్చగా ఒకసారి రాసి, రెండు నిమిషాలాగి మళ్లీ రాయండి. చుట్టూ తాడు బిగించి, ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా ఉంటే రాత్రంతా కదపొద్దు.

సంవత్సరీకం పొద్దున ఫొటో గోడకెక్కింది. నాన్న దండ వేసి, నాలుగు మూలలూ వేలితో తడిమారు. కింద ఎడమ మూలలో వెంట్రుకంత గీత ఉంది. అక్కడ వేలు ఆగింది.

"ఈ తలుపుకి కూడా ఇక్కడో సందుండేదిరా. మీ నాయనమ్మ అందులోంచే చూసేది, బడి నుంచి నేనెప్పుడొస్తానా అని."

ఆ గీతని అలాగే వదిలేశా.