"పోనిద్దురూ" అంటే పోయేదెవరి సొమ్ము?

మన తెలుగువాళ్ళలో ఎవరి కారుకైనా యాక్సిడెంటు అయిందంటే మొట్టమొదటి సలహా డాక్టరు దగ్గర్నుంచి రాదు, లాయరు దగ్గర్నుంచి అసలే రాదు. శనివారం భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న బావగారి దగ్గర్నుంచి వస్తుంది. "పోనిద్దురూ, మనుషులు క్షేమం, అంతే చాలు. వాళ్ళిచ్చింది పుచ్చుకుని ఊరుకోండి. పరాయి దేశంలో మనకెందుకీ గొడవ?" ఈ మాట అన్నవారు మంచివారే. మాట మాత్రం చెడ్డది. ఎర్రదీపం దగ్గర ఆగివున్న మన కారుని వెనకనుంచి ఇంకొకడు వచ్చి గుద్దితే, తప్పు మనమే చేసినట్టు తలవంచుకుని చెక్కు పుచ్చుకోవటం మర్యాద ఎలా అయిందో మాకు బోధపడదు.

అసలు ఆ ఫోను చేసేదెవరు? గుద్దినవాడి ఇన్సూరెన్సు కంపెనీ తాలూకు ఎడ్జస్టరు. రెండో నాడో మూడో నాడో చేస్తాడు. గొంతు మహా తియ్యగా ఉంటుంది. "రికార్డు చేసుకోవచ్చునా?" అని అడిగి, "ఎలా ఉన్నారు?" అంటాడు. "బాగానే ఉన్నాం, థాంక్యూ" అంటాం మనం. మన దృష్టిలో అది కుశలప్రశ్నకి జవాబు. వాళ్ళ ఫైల్లో అది దెబ్బలేమీ తగల్లేదన్న వాంగ్మూలం. రోడ్డుమీద అలవాటుగా అనేసే "అయ్యో, సారీ" కూడా అలాంటిదే. కాలిఫోర్నియా చట్టం సానుభూతి మాటల్ని సాక్ష్యంగా తీసుకోనివ్వదు గాని, "నేను చూసుకోలేదండీ" అంటే మాత్రం తీసుకుంటుంది. 1975 నుంచి ఇక్కడ తప్పుని శాతాల్లో పంచుతున్నారు. మన నోటివెంట వచ్చిన ప్రతి మొహమాటపు మాటా మన వాటాకి ఒక శాతం కలిపే ప్రయత్నానికి పనికొస్తుంది.

ఎదుటివాడి కంపెనీకి మనమంటే ఏ పూచీ ఉందో కూడా తెలుసుకోవాలి. మనతో అన్యాయంగా వ్యవహరిస్తే ఆ కంపెనీ మీదే దావా వెయ్యవచ్చునని 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అంది. 1988లో ఆ తీర్పుని తనే తిరగదోడింది. ఇప్పుడు మనం దావా వెయ్యగలిగింది గుద్దినవాడి మీదే. కనుక మన సొంత కంపెనీ అడిగితే జవాబు చెప్పాలి, అది మన కాంట్రాక్టు. వాళ్ళ కంపెనీకి రికార్డు చేసే వాంగ్మూలం ఇవ్వవలసిన పని లేనేలేదు. "ఏదైనా ఉంటే ఉత్తరం రాయండి" అంటే అమర్యాదేమీ కాదు.

ఇక అసలు బాధ కారుది కాదు, ఒంటిది. మనకి తెలిసిన కుటుంబంలోనే జరిగింది. అమ్మాయి దగ్గరికి తెనాలినుంచి వచ్చిన పెద్దాయన, గుండెకి సంబంధించి రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు. వెనక సీట్లో కూర్చున్నారు, తల కిటికీకి కొట్టుకుంది. "ఏం లేదమ్మా, బొప్పి కట్టింది" అన్నారు. వారం తిరక్కుండా ఎడ్జస్టరు వెయ్యి డాలర్ల చెక్కు, ఒక కాగితం పంపించాడు. "ఉట్టిపుణ్యానికి వెయ్యి డాలర్లు" అని అందరూ సంతోషించి సంతకం పెట్టించారు. పంతొమ్మిదో నాడు ఆయన మాట తడబడింది, ఎడమకాలు ఈడ్చటం మొదలయింది. మెదడు పైపొర కింద నెమ్మదిగా రక్తం చేరుతూ వచ్చింది. వయసు పైబడినవాళ్ళకి మెదడు కాస్త కుంచించుకుపోయి, పైనున్న సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లుతాయి, లక్షణాలు రెండుమూడు వారాలకి గాని బయటపడవు. పుర్రెకి రంధ్రాలు చేసి రక్తం తీసేశారు, భగవంతుడి దయవల్ల లేచి తిరుగుతున్నారు. విజిటరు పాలసీ దాని పరిమితి దాకా ఇచ్చి చేతులు కడుక్కుంది. మిగతా బిల్లు అల్లుడి నెత్తిన పడింది.

ఆ కాగితంలో ఏముందో చూడండి. కాలిఫోర్నియా సివిల్ కోడు 1542వ సెక్షను ప్రకారం, సంతకం పెట్టేనాటికి మనకి తెలియని నష్టాలు మామూలుగా రాజీలో కలిసిపోవు. అంటే చట్టం మనకొక రక్ష కట్టింది. కంపెనీ కాగితంలో "ఆ సెక్షను కల్పించే హక్కు వదులుకుంటున్నాను" అని ఒక పంక్తి ఉంటుంది. మన చేత్తోనే ఆ రక్ష విప్పిస్తారన్నమాట. కారు రిపేరు సంగతి విడిగా తేల్చుకోవచ్చు. ఒంటి సంగతి అలా వారంలో తెంచుకోనక్కర్లేదు, దావాకి రెండేళ్ళ గడువుంది.

మా తోటి డాక్టర్లకీ ఒక మాట. యాక్సిడెంటయిన స్నేహితుడు ఫోను చేస్తే "ఐబుప్రొఫెన్ వేసుకో, తగ్గిపోతుంది" అనటం స్నేహం కాదు. మెడనొప్పి తరచు మర్నాటికి గాని తెలియదు. పరీక్ష లేదు, చార్టు లేదు. రేపు ఎడ్జస్టరు "నొప్పే ఉంటే డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?" అంటాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే మరి.

"క్లెయిము పెడితే మన ప్రీమియం పెరుగుతుందిగా?" అంటారు. తప్పు మనది కాని యాక్సిడెంటుకి పెంచటానికి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోదు. వాళ్ళు నాన్చుతూంటే మన కొలిజన్ కవరేజి కింద బాగుచేయించుకోవచ్చు. మన కంపెనీ వాళ్ళనుంచి రాబట్టుకుని డిడక్టబుల్ తిరిగి తెస్తుంది. బాగుచేసినా కారు అమ్మకపు విలువ తగ్గిందా, అదీ అడగవలసిందే. పాత కారు "టోటల్" అన్నారా, ఏ కార్లతో పోల్చి ఆ ధర కట్టారో కాగితం చూపించమనాలి. కాదన్నారా, ఇన్సూరెన్సు శాఖకి ఫిర్యాదు చెయ్యవచ్చు. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో గుద్దినవాడి మీద 12,500 డాలర్ల దాకా దావా వెయ్యవచ్చు, అక్కడ ఎటువైపూ లాయర్లు వాదించరు. ఇంట్లో ఆడిటరు ఉన్నవాళ్ళకి అది చాలా ఉల్లాసకరమైన మధ్యాహ్నం.

ఇదంతా దురాశ అనీ, దావాలు మన సంస్కృతి కాదనీ అనేవారున్నారు. పొలం గట్టు జానెడు జరిగితే తెనాలి కోర్టుకి ముప్ఫై ఏళ్ళు తిరిగిన జాతి మనది! లేని నొప్పి చెప్పి డబ్బు గుంజమని మేము అనటంలేదు, అది దొంగతనం. జరిగిన నష్టం పూర్తిగా అడగమంటున్నాం. మనం అడగనిది మిగిలేది ఏ బీదవాడికీ కాదు, కంపెనీ లెక్కల్లో లాభం కింద.

వేసవికి అమ్మానాన్నలు వస్తున్నవారు టిక్కెట్లు కొనేముందు పాలసీ మొదటి పేజీ తియ్యండి. గుద్దినవాడికి తప్పనిసరిగా ఉండవలసిన పూచీ మనిషికి 15,000 డాలర్లే 1967 నుంచి 2024 చివరిదాకా. 2025 జనవరి 1 నుంచి అది 30,000. మెదడు ఆపరేషనుకి అది ఏ మూలకి? అందుకని అన్ ఇన్సూర్డ్ మోటరిస్టు అన్న పంక్తి ఎదుట ఎంత రాసుందో చూడండి. వద్దని మీరు సంతకం పెడితే తప్ప కంపెనీ అది తీసెయ్యకూడదు. దాని దగ్గర్లోనే మెడికల్ పేమెంట్స్ అని ఉంటుంది. తప్పెవరిదైనా సరే, మీ కార్లో కూర్చున్న మామగారికి కూడా వర్తిస్తుంది. అక్కడ సున్నా కనబడితే సోమవారం పొద్దున్నే ఏజంటుకి ఫోను చెయ్యండి.