వీధిలో జరిగేది రేసు కాదు

అర్ధరాత్రి నగరవీధిలో ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద పందెం వేసుకుని, దారిన పోయే అభాగ్యుణ్ణెవరినో గుద్దేస్తే, మర్నాటి పత్రికలో ఆ వార్త నెత్తిన "బైక్ రేసింగ్" అన్న రెండు మాటలూ తప్పకుండా ఉంటాయి. ఆ రెండు మాటలతోనే నా తగవు. నేనూ రేసుల పిచ్చివాణ్ణే. ఏ కంపెనీ జట్టులోనూ లేను. సెలవు దొరికినప్పుడల్లా చెన్నై దాటాక శ్రీపెరుంబుదూరు దారిలో ఉన్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద సాధన చేసుకునే అనామకుణ్ణి. ఆ శీర్షిక వల్ల మా పరువు పోతోందని బాధ పడను. మా పరువు అంత పెద్ద విషయం కాదు. కానీ వీధిలోని ఆ కుర్రవాడికి పత్రికలు ఉత్తపుణ్యానికి ఒక బిరుదు కట్టబెడుతున్నాయి. వాడు కోరుకునేదీ అదే.

"చట్టమే దాన్ని రేసు అంటోంది కదా" అని న్యాయవాది మిత్రులెవరైనా అడ్డు తగలవచ్చు. నిజమే, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షను బహిరంగ ప్రదేశంలో రేసులను నిషేధిస్తుంది. అయితే రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా జరిగే రేసులనే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తినది కూడా మనం రోజూ తిరిగే రోడ్ల మీదనే. ఆ రోడ్లు మూసేశారు, ఇరువైపులా గోడలు నిలబెట్టారు, అంబులెన్సులు సిద్ధంగా ఉంచారు, ఆ తరవాతే కారు కదిలింది. రేసుకూ రౌడీతనానికీ మధ్య ఉన్నది ఈ ఏర్పాటే. వేగం రెంటిలోనూ ఉంది.

ట్రాక్ మీద ఒక సాధనా సమయం ఎలా గడుస్తుందో చూడనివారికి ఇది అర్థం కావడం కష్టం. బండి ట్రాక్ ఎక్కే ముందే తనిఖీ ఉంటుంది. అద్దాలు విప్పేయాలి. దీపాల గాజు పగిలి దారిలో పడకుండా టేపు చుట్టాలి. సైడు స్టాండు తీసేయాలి. ఇంజను ఆయిలు బోల్టు ఊడిపోకుండా తీగతో బిగించాలి. రేడియేటరులో కూలెంటు తీసి మంచినీళ్ళు పోయాలి, ఎందుకంటే కూలెంటు ఒలికితే వెనక వచ్చేవాడు జారిపడతాడు. గమనించారా? వీటిలో చాలా భాగం వెనక వచ్చేవాడి కోసం చేసేవే. వీధి వీరుడు తన జీవితంలో ఒక్కసారైనా వెనక వచ్చేవాడి గురించి ఆలోచించాడా?

ఆ తరవాత జెండాల పాఠం. పసుపు కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటరాదు. పసుపు మీద ఎర్ర చారలుంటే నేల జారుతోంది. ఎరుపు ఊపితే అందరూ నెమ్మదించి పిట్ లేనుకు తిరిగి రావాలి. ధిక్కరించినవాణ్ణి ఇంటికి పంపేస్తారు, వాడు ఎంత గొప్ప రైడరైనా సరే. మన కూడళ్ళలో ఎర్ర దీపానికి ఈ పాటి మర్యాద దక్కిన రోజు నాకు కబురు చేయండి.

ఇక అసలు విషయం, మలుపు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ప్రధాన స్ట్రెయిటులో వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది, దానికి కుడి మణికట్టు చాలు. స్ట్రెయిటు చివర ఎక్కడ బ్రేకు పట్టాలి, ఎంత పట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నవి మాత్రం ఏళ్ళ తరబడి నేర్చుకుంటూనే ఉండాలి. వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్లనీ బ్రేకులు మింగాలి. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆ స్థితిలో బండిని మరీ పడుకోబెడితే ముందు టైరు చేతులెత్తేస్తుంది. కనుక వంచుతున్నకొద్దీ బ్రేకు వదులుతూ రావాలి. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిలును ముందుకు నెట్టాలి, చూపు మలుపు చివరికి చేరాలి. కీత్ కోడ్ 1983లో వెలువరించిన "ఎ ట్విస్ట్ ఆఫ్ ద రిస్ట్" అనే పుస్తకంలో మనిషి ధ్యాసను పది డాలర్ల నోటుతో పోల్చాడు. ఒక్కొక్క భయానికీ, ఒక్కొక్క తెలియనితనానికీ అందులోంచి కొంత ఖర్చవుతుంది. నేర్చినకొద్దీ చేతిలో చిల్లర మిగులుతుంది. ఆయన నెలకొల్పిన శిక్షణాలయం 2010లో ఇదే ట్రాక్ మీద మనవాళ్ళకు పాఠాలు చెప్పింది.

ఇరవై నిమిషాల సాధనలో నా లెక్క ఎంత వేగం అందుకున్నానన్నది కాదు. వరసగా అయిదు చుట్లు ఒకే సమయంలో తిరగగలిగానా అని. ఇంతకన్నా విసుగు పుట్టించే వినోదం లోకంలో లేదంటే ఒప్పుకుంటాను!

ట్రాక్ మీద చావులు లేవా అంటారు. ఉన్నాయి. 2023 ఆగస్టులో ఇదే ట్రాక్ మీద జాతీయ పోటీలో బెంగళూరుకు చెందిన పదమూడేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. ఆ వయసు పిల్లల్ని గుంపుగా పరుగెత్తించడం సబబా అన్న ప్రశ్న న్యాయమైనది, నిర్వాహకులు దానికి జవాబు చెప్పవలసిందే. దాన్ని కప్పిపుచ్చి వాదించేవాడు నా పక్షం కాదు. కాని కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీదివారు. వీరిలో ఎందరికి బ్రేకు పట్టడం ఎవరైనా కూర్చోబెట్టి నేర్పారు? లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించి పంపేస్తాం.

"ట్రాక్‌కు పోవడానికి డబ్బులెక్కడివి, మా ట్రాక్ ఈ రోడ్డే" అనే తమ్ముళ్ళకు ఒక మాట. ఖర్చు నిజం. హైదరాబాదు నుంచి చెన్నై ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు, టైర్లు, తోలు సూటు, రుసుము, అన్నీ కలిపి మధ్యతరగతి నడుం విరుగుతుంది. నేను ఏడాదికి రెండు మూడుసార్లకు మించి పోలేను. డబ్బులేనితనం మీద నాకు సానుభూతి ఉంది. కాని ఆ లోటును మందుల చీటీ పట్టుకుని రోడ్డు దాటే ముసలాయన చేత కట్టించకండి.

పత్రికలవారికి నా విన్నపం చిన్నది. అదే చట్టంలో 184వ సెక్షను ఉంది, దాని పేరు ప్రమాదకరంగా వాహనం నడపడం. శీర్షికకు కాస్త పొడవెక్కువ, నిజమే. ఒక కాలం అదనంగా ఇవ్వండి.