లుంగీ కట్టుకుంటే తప్పేంటి?

నిజం చెప్పండి. వీడియో కాల్‌లో పైన ఇస్త్రీ చొక్కా, కెమెరాకి అందని చోట గళ్ళ లుంగీ.. మీలో ఎంతమంది ఈ బాపతు? నేనైతే 2020 మార్చిలో ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ అంతే. రిలీజులు చేశాను, అర్ధరాత్రి బగ్గులు పట్టుకున్నాను, జీతం పెంచమని మేనేజరుతో వాదించాను. అన్నీ లుంగీలోనే. నా కోడ్ అందువల్ల పాడైందని ఎవరూ అనలేదు :)

మరి ఆఫీసుకి రమ్మన్న రోజున అదే లుంగీ మడిచి బీరువాలో పెట్టి, బయట 42 డిగ్రీల ఎండలో జీన్సు ప్యాంటులోకి ఎందుకు దూరుతున్నాం? నా బాధ అదీ.

మాది ఖమ్మం పక్కన ముదిగొండ. అటు కొత్తగూడెం, భద్రాచలం దాకా మా వైపు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, 45 దాటిన రోజులు మాకు కొత్త కాదు. ఆ ఎండలో మిరపకాయలు ఏరేవాళ్ళు, పత్తి బస్తాలు మోసేవాళ్ళు జీన్సు వేసుకోరు. పలచటి నూలు లుంగీయో, పంచెయో కడతారు. ఇందులో సంప్రదాయం కంటే ఇంగితం ఎక్కువ. కింద నుంచి గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది, నడుం దగ్గర బెల్టు కోసుకుపోదు. అన్నం ఎక్కువ తింటే కొంచెం వదులు చేసుకోవచ్చు. ఏ ప్యాంటుకుందండీ ఈ సౌకర్యం?

ఇంకా పెద్ద విషయం, లుంగీ ఒక్క పనికే పరిమితం కాదు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. గోదాట్లో మునిగేటప్పుడు అదే కట్టు, ఒడ్డుకొచ్చాక బట్టలు మార్చుకోవడానికి అదే చాటు, పందిట్లో కూర్చోవడానికి అదే పరుపు, ఎండకి నెత్తిన అదే గొడుగు. బస్సెక్కే లోపు ఆరిపోతుంది కూడా. రైల్లో దుప్పటి, ఇంట్లో పసిపిల్లకి ఉయ్యాల, తోటలో మామిడికాయలకి సంచి. రెండు మీటర్ల బట్ట, కుట్టు దాదాపు లేదు, సైజుల గొడవ లేదు. మన భాషలో చెప్పాలంటే, ఒక్క ఫంక్షను రాసి వంద చోట్ల వాడుకోవడం.

"అదంతా ఇంట్లో బావుంటుంది, ఆఫీసుకి హుందాగా ఉండొద్దూ?" అంటారు. హుందాతనం ఎవరు నిర్ణయించారో ఒకసారి చూద్దాం.

స్కాట్లాండు వాళ్ళ కిల్టు ఉంది కదా. ఈరోజు అది పెళ్ళికీ, పట్టా పుచ్చుకోవడానికీ వేసుకునే గొప్ప దుస్తు. కానీ 1746లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి హైలాండ్స్‌లో మగవాళ్ళు అది కట్టకుండా నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం తీయలేదు. అప్పుడు తిరుగుబాటుదారుల గుర్తు, ఇప్పుడు దేశానికే గుర్తు. గుడ్డ మారలేదు, చూసే కళ్ళు మారాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. అసలు కిల్టు దాదాపు ఏడు మీటర్ల బరువైన ఉన్ని బట్ట. రోజూ కట్టడం కష్టమని వాళ్ళే బట్ట తగ్గించి, పలచన చేసి తేలిక కిల్టులు తెచ్చుకున్నారు. 2000లో సియాటిల్‌లో మొదలైన ఒక కంపెనీ జేబులున్న నూలు కిల్టులు కుట్టి పనివాళ్ళకి అమ్మింది. ఫిజీలో పోలీసులు సులు కడతారు, ఆఫీసు ఉద్యోగులు దానికే జేబులు కుట్టించి, పైన చొక్కా, టై వేసుకుని వెళ్తారు. బర్మాలో లాంగీ కట్టి ఆఫీసుకి వెళ్ళడం మామూలు విషయం. వాళ్ళందరూ తమ బట్టని పనికి తగ్గట్టు సర్దుకున్నారు. మనం మాత్రం మన బట్టని ఇంటికీ, వాళ్ళ బట్టని ఆఫీసుకీ పంచేశాం.

పంచెకి మన దేశంలోనే దెబ్బలు తగిలాయి. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చాడని హైకోర్టు జడ్జినే లోపలికి రానివ్వలేదు. గొడవ ముదిరి, ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. పంచె కట్టాడని ఆపితే క్లబ్బు లైసెన్సు రద్దు చెయ్యొచ్చు, జరిమానా, జైలు కూడా. 2024 జూలైలో బెంగళూరులో ఒక మాల్‌లో పంచె కట్టిన రైతుని సినిమాకి పోనివ్వకపోతే, కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ని వారం రోజులు మూయించింది. జడ్జి గారికి దక్కిన న్యాయం రైతుకీ దక్కింది, సంతోషం. కానీ గేటు దగ్గర ఆపినవాడు కూడా ఊళ్ళో పంచె కట్టే తండ్రి కొడుకే అయ్యుంటాడు. నన్ను ఎక్కువ గుచ్చేది అదే.

ఎందుకంటే ఆ గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి నేనే ఒకసారి.

మూడేళ్ళ క్రితం మా ఆఫీసులో ఫ్యామిలీ డే అన్నారు. ముదిగొండ నుంచి మా నాన్న వచ్చారు. జీవితమంతా తెల్ల పంచె, భుజాన కండువా. పొద్దున్నే స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని తయారయ్యారు. నేను చూసి, "నాన్నా, ప్యాంటు వేసుకోరాదూ, అక్కడ అందరూ ఇంగ్లీషు వాళ్ళలా ఉంటారు" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. నా ప్యాంటు వేసుకుని, పాదాల దగ్గర రెండు మడతలు పెట్టుకుని వచ్చారు. మూడు గంటలు కుర్చీ చివర కూర్చున్నారు. ఇంటికొచ్చాక అమ్మతో అన్నారట, "వాడి ఆఫీసు బాగుందే. నేనే సరిగ్గా లేను" అని.

ఆ ఆఫీసులో పంచె వద్దని రూలేమీ లేదు. నేను తర్వాత చూశాను, ఎక్కడా రాసిలేదు. ఆ రూలు నా బుర్రలో ఉంది.

ఒకప్పుడు మన ఊళ్ళల్లో మోకాలి కిందకి పంచె దించి కట్టడం కూడా అందరికీ దక్కిన హక్కు కాదు. దొరల ముందు కొన్ని కులాల వాళ్ళు పైకి ఎగ్గట్టుకునే నిలబడాలి. ఎవరేం కట్టాలో పైవాడు చెప్పడం అనే జబ్బు పాతదే. ఇప్పుడు ఆ పైవాడు మనలోనే కూర్చున్నాడు.

కంప్యూటరుకీ పంచెకీ పడదనేవాళ్ళకి ఒక్క పేరు చెప్తాను, పి.వి. నరసింహారావు గారు. ప్రధాని కాకముందే అరవై దాటిన వయసులో కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మనిషి. ఆయన పంచె ఆయనకేమీ అడ్డం రాలేదు.

అభ్యంతరాలు లేవని కాదు. బండి మీద గాలికి ఎగురుతుంది, మెట్లెక్కేటప్పుడు కాలికి పడుతుంది, ఫోను పెట్టుకోవడానికి జేబు ఉండదు, కొత్తవాళ్ళకి ఊడుతుందని భయం. అన్నీ నిజమే. యంత్రాల దగ్గర పని చేసేవాళ్ళకి వదులు బట్ట ప్రమాదం కూడా. కానీ మనం పొద్దస్తమానం కుర్చీలో కూర్చునేవాళ్ళం. వెల్క్రో పట్టీ, జేబూ ఉన్న రెడీమేడ్ పంచెలు బజార్లో దొరుకుతున్నాయి. క్లయింటు మీటింగుకి కాదు, కనీసం శుక్రవారం కట్టుకోవచ్చు. జపాను ప్రభుత్వం 2005లో ఎండాకాలం కోట్లు, టైలు వదిలెయ్యమని, ఏసీ 28 దగ్గర పెట్టమని ఉద్యోగులకి చెప్పింది. మనం ఏసీ 20 దగ్గర పెట్టి, చలికి స్వెట్టరు వేసుకుని కూర్చుంటాం! బట్ట పలచన చేసుకుంటే కరెంటూ మిగులుతుంది.

అందర్నీ కట్టుకోమనడం లేదు. ప్యాంటు ఇష్టమైతే ప్యాంటే వేసుకోండి. కట్టుకున్నవాణ్ణి తక్కువగా చూడొద్దు, కట్టుకునే నాన్నని దాచొద్దు, అంతే.

వచ్చే నెల మళ్ళీ ఫ్యామిలీ డే. నిన్న రాత్రి ఊరికి ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి పంచెలోనే రా. నేనూ పంచే కడుతున్నా" అన్నాను. కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత, "నీకు కట్టుకోవడం ఎప్పుడొచ్చిందిరా?" అన్నారు.

రాలేదు. వెల్క్రోది కొన్నాను :)